సుంకం పెంచితే కార్మికుడి కూలి పెరుగుతుందా? లెక్క వేసి చూద్దాం

ప్రశ్న ఇది: "చౌక కూలితో, అధ్వానమైన పరిస్థితుల్లో తయారయ్యే సరుకు మీద గట్టిగా సుంకం వేస్తే అక్కడి కార్మికుల పరిస్థితి మెరుగుపడుతుందా? ఔట్‌సోర్సింగ్ ఆగి, పోయిన ఉద్యోగాలు తిరిగి వస్తాయా? కాదంటే, దిగుమతి చేసుకునే సంస్థ నిజంగా ఏం చేయాలి?"

కూలి పెరగాలన్నది లక్ష్యమైతే సుంకం దానికి తగిన పనిముట్టు కాదు. చాలాసార్లు కూలిని ఇంకా నొక్కేస్తుంది కూడా. ఎందుకో తెలియాలంటే ఒక చొక్కా ఖరీదును విడదీసి చూడాలి. కింది అంకెలు పద్ధతి చూపడానికి వేసినవే. మీ సరుకుకు మీ అంకెలు వేసుకోండి.

ఫ్యాక్టరీ ఒక చొక్కాను ఓడెక్కించి ఇచ్చే ధర, అంటే ఎఫ్‌ఓబీ, 6 డాలర్లు అనుకుందాం. అందులో గుడ్డకు 3.20. గుండీలు, దారం, లేబుళ్లు, ప్యాకింగ్‌కు 0.60. కుట్టినవాళ్ల కూలి 0.75. మిగిలిన 1.45లో అద్దె, కరెంటు, సూపర్‌వైజర్ల జీతాలు, బ్యాంకు వడ్డీ, యజమాని లాభం. ఓడ కిరాయి, బీమా కలిపి 0.40. సుంకం 16 శాతం అనుకుంటే, ఎఫ్‌ఓబీ మీద సుంకం వేసే అమెరికాలో అది 0.96. కిరాయి, బీమా కలిపిన సీఐఎఫ్ విలువ మీద వేసే ఐరోపా సమాఖ్యలాంటి చోట్ల 1.02. క్లియరెన్సుకు, గోదాముకు చేర్చడానికి 0.30. ఎఫ్‌ఓబీ పద్ధతిలో చొక్కా గోదాములో పడే ధర 7.66 డాలర్లు.

ఇప్పుడు సుంకాన్ని ఇంకో 20 పాయింట్లు పెంచి 36 శాతం చేశారనుకోండి. 0.96 కాస్తా 2.16 అవుతుంది. పెరిగింది 1.20. ఆ చొక్కా మీద పనిచేసిన వాళ్లందరి కూలీ కలిపినా 0.75 దాటలేదు. కూలిని రెట్టింపు చేయడానికి సరిపోయి ఇంకా మిగిలేంత డబ్బు సరిహద్దు దగ్గర ఖర్చయింది. అందులో ఒక్క సెంటు కూడా కుట్టుమిషన్ ముందు కూర్చున్న మనిషికి చేరలేదు. అంతా దిగుమతి చేసుకున్న దేశపు ఖజానాకు పోయింది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సుంకం విలువ మీద శాతంగా ఉన్నప్పుడు అది కూలి పెంపు మీద కూడా పడుతుంది. ఫ్యాక్టరీ మనస్ఫూర్తిగా కూలి రెట్టింపు చేసి ఎఫ్‌ఓబీని 6.75కు పెంచిందనుకోండి. సుంకం 16 శాతం ఉన్నప్పుడు ఆ పెంపు కొనేవాడికి 0.87 పడుతుంది. 36 శాతం ఉంటే 1.02 పడుతుంది. సుంకం ఎంత పెరిగితే మంచి కూలి ఇవ్వడం అంత ఖరీదవుతుంది.

సుంకం ఎవరు కడతారన్న దాని మీద కూడా గందరగోళం ఎక్కువ. ఎగుమతి చేసే దేశం కట్టదు. కస్టమ్స్‌కు డబ్బు జమ చేసేది దిగుమతిదారు. ఒప్పందం డీడీపీ షరతుల మీద, అంటే సుంకం కట్టి సరుకు చేర్చే పద్ధతిలో, ఉంటే మాత్రం ఆ బాధ్యత అమ్మేవాడి నెత్తిన ఉంటుంది. అందుకే రేట్లు మారే కాలంలో ఆర్డరు మీద ఎఫ్‌ఓబీ అని ఉందా, డీడీపీ అని ఉందా అన్నది మొదట చూడాల్సిన గడి. అమెరికా 2018లో వేసిన సుంకాల మీద మేరీ అమిటి, స్టీఫెన్ రెడింగ్, డేవిడ్ వైన్‌స్టీన్ చేసిన పరిశోధనలో భారం దాదాపు మొత్తం అమెరికాలోని కొనుగోలుదారుల మీదే పడిందని తేలింది. అది సగటు లెక్క. కొనేవాళ్లు కొద్దిమంది, అమ్మేవాళ్లు వేలమంది ఉండే బట్టలు, చెప్పులు, బొమ్మల లాంటి రంగాల్లో కొనేవాడు ఫ్యాక్టరీకి "పెరిగిన దాంట్లో సగం మీరు భరించండి" అని రాయగలడు. సగం అంటే 0.60. గుడ్డ ధర మిల్లు చేతిలో ఉంటుంది, కరెంటు రేటు తగ్గదు, బ్యాంకు వడ్డీ ఆగదు. యజమాని కదపగలిగినవి రెండే, తన లాభం, కూలి. రెండోది ఎలా కదులుతుందో తెలిసిందే. పీస్ రేటు, అంటే ఒక్కో చొక్కాకిచ్చే కూలి, తగ్గుతుంది, రోజువారీ టార్గెట్ పెరుగుతుంది, ఓవర్‌టైమ్ పుస్తకంలోకి ఎక్కదు, లేదా పని చిన్న షెడ్డుకు సబ్‌కాంట్రాక్టుగా వెళ్లిపోతుంది.

అసలు సుంకం పట్టికకు కార్మికుడు కనిపించే దారే లేదు. కస్టమ్స్ చూసేవి ముఖ్యంగా మూడు: వస్తువు కోడ్, పుట్టిన దేశం, విలువ. సరుకుల వర్గీకరణకు 1988 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఎస్ విధానంలో మొదటి 6 అంకెలు అన్ని దేశాలకూ ఒకటే. మగవాళ్ల నేత నూలు చొక్కా 6205.20. ఆ తర్వాత అంకెలు ఏ దేశానికి ఆ దేశం చేర్చుకుంటుంది. ఎన్ని అంకెలు చేర్చినా "అగ్నిమాపక దారి ఉన్న భవనంలో కుట్టినది" అనే కోడ్ ఎక్కడా ఉండదు. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు 1996 సింగపూర్ సమావేశంలో కార్మిక ప్రమాణాలు తేల్చాల్సింది అంతర్జాతీయ కార్మిక సంస్థేనని తీర్మానించి పక్కకు జరిగాయి. ప్రపంచ వాణిజ్య నియమాలకు పునాది అయిన గాట్ ఒప్పందం 20వ అధికరణలో కార్మికుల ఊసు నేరుగా వచ్చేది ఒక్కచోటే, జైలు ఖైదీలతో చేయించిన సరుకును ఆపవచ్చనే చోట.

కార్మిక ప్రమాణాలంటే అన్ని దేశాల్లో ఒకే జీతం అని కూడా కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998 ప్రకటనలో ఉన్నవి నాలుగు: సంఘం పెట్టుకుని బేరమాడే హక్కు, వెట్టి లేకపోవడం, బాలకార్మికత లేకపోవడం, వివక్ష లేకపోవడం. 2022లో అయిదోదిగా పనిచోట భద్రత, ఆరోగ్యం చేర్చారు. వీటిలో ఏదీ గంటకు ఇంత అని చెప్పదు. తక్కువ జీతం పేదదేశపు వాస్తవం కావచ్చు. తాళం వేసిన అత్యవసర ద్వారం వాస్తవం కాదు, నేరం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి దేశం మొత్తం మీద సుంకం వేస్తే, ద్వారం తెరిచి ఉంచిన ఫ్యాక్టరీ కూడా తాళం వేసిన ఫ్యాక్టరీ కట్టినంతే కడుతుంది. ఇక తెరిచి ఉంచినందుకు దానికి ఒరిగేదేమిటి?

ఉద్యోగాలు తిరిగి రావడం గురించి. ఒక దేశం మీద సుంకం వేస్తే పని మొదట పక్క దేశానికి జరుగుతుంది. 2018 తర్వాత చైనా సరుకు మీద అమెరికా సుంకాలు పెరిగినప్పుడు వియత్నాం, మెక్సికోల నుంచి దిగుమతులు పెరిగాయి. అన్ని దేశాల మీదా ఒకేసారి వేస్తే కొంత ఉత్పత్తి నిజంగానే వస్తుంది. దాని ఖరీదు వాషింగ్ మెషిన్ల విషయంలో తెలిసింది. అమెరికా 2018లో వాటి మీద రక్షణ సుంకం వేశాక ధర సుమారు 12 శాతం పెరిగింది. సుంకం లేని డ్రయ్యర్ల ధర కూడా అంతే పెరిగింది, రెండూ జతగా అమ్ముడవుతాయి కాబట్టి. కొత్తగా వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800 అని, ఒక్కో ఉద్యోగానికి వినియోగదారుల మీద ఏటా పడిన భారం 8 లక్షల డాలర్ల పైమాటేనని ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. దేశ భద్రత కోసమో, ఒక పరిశ్రమను కాళ్ల మీద నిలబెట్టడానికో ఆ ఖరీదు భరిస్తామంటే అది ప్రభుత్వ నిర్ణయం, తప్పనను. కానీ దాన్ని విదేశీ కార్మికుడి మేలు పేరుతో అమ్మకూడదు.

ఐటీ, కాల్ సెంటర్, అకౌంటింగ్ లాంటి సేవల ఔట్‌సోర్సింగ్‌ను గురించి ఒక్క మాట చెప్పి ఇక్కడే ముగిస్తాను. వాటికి ఈ సుంకాలు వర్తించవు. తీగ మీద వెళ్లే పనికి కస్టమ్స్ గేటు ఉండదు. సేవలను కదిపేవి వీసా నిబంధనలు, డేటా రక్షణ చట్టాలు, పన్నులు, ప్రభుత్వ టెండర్లలో స్థానికతా షరతులు.

మరి పనిచేసేది ఏది? దేశాన్ని వదిలి ఫ్యాక్టరీని గురిపెట్టే పద్ధతి. రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి. గ్వాటెమాలాలో కార్మిక చట్టాలు అమలు కావడం లేదని 2008లో సంఘాలు ఫిర్యాదు చేశాయి. మధ్య అమెరికా వాణిజ్య ఒప్పందం కింద అది నడిచి నడిచి 2017లో తీర్పు వచ్చింది. కొన్ని చోట్ల చట్టం అమలు కాలేదని ప్యానెల్ ఒప్పుకుంది. కానీ అది "వాణిజ్యాన్ని ప్రభావితం చేసే రీతిలో" పదేపదే జరిగిందని రుజువు కాలేదంటూ కేసు కొట్టేసింది. తొమ్మిదేళ్లు పోయాయి, చేతికొచ్చింది సున్నా. ఆ అనుభవంతోనే 2020 జూలై 1న అమల్లోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడా ఒప్పందంలో సత్వర స్పందన విధానం పెట్టారు. ఫిర్యాదు ఒక ఫ్యాక్టరీ మీదే ఉంటుంది, సుంకం రాయితీ పోయేదీ ఆ ఫ్యాక్టరీ సరుకుకే. మెక్సికోలో సిలావోలోని జనరల్ మోటార్స్ ప్లాంటు మీద 2021 మేలో అమెరికా సమీక్ష కోరింది. ఆగస్టులో కార్మికులు రహస్య ఓటుతో పాత సంఘం ఒప్పందాన్ని తిరస్కరించారు. 2022 ఫిబ్రవరిలో స్వతంత్ర సంఘం గెలిచింది. మేలో 8.5 శాతం జీతం పెంపుతో కొత్త ఒప్పందం కుదిరింది. ఒక ఏడాదిలో అయిపోయింది.

అదే ఒప్పందంలో ఇంకో నిబంధన ఉంది. కార్ల విలువలో 40 శాతం, పికప్ ట్రక్కుల్లో 45 శాతం గంటకు కనీసం 16 డాలర్లు సగటున ఇచ్చే ప్లాంట్ల నుంచి రావాలి, అప్పుడే సుంకం మాఫీ. చూడ్డానికి గొప్పగా ఉంది. కానీ ఇలాంటి షరతుకు బలం, అది పాటించకపోతే కట్టాల్సిన సుంకమంతే ఉంటుంది. ఆ ఒప్పందం వచ్చేనాటికి అమెరికాలో కార్లకు మామూలు సుంకం 2.5 శాతం, ట్రక్కులకు 25 శాతం. ట్రక్కుల తయారీదారు లెక్క వేసుకుని పాటిస్తాడు. కార్ల తయారీదారుకు ఒక్కోసారి ఆ 2.5 కట్టేయడమే చౌక. సుంకం రాయితీకి కార్మిక షరతు కట్టేవాళ్లు ముందు ఈ తేడా ఎంతుందో చూడాలి. ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలిన తర్వాత 2013లో అమెరికా బంగ్లాదేశ్‌కు జీఎస్‌పీ (పేదదేశాల సరుకుకు సుంకం తగ్గించే పథకం) రాయితీ నిలిపేసింది. అయితే బట్టల్లో అధిక భాగానికి ఆ రాయితీ అంతకుముందు కూడా లేదు. నొప్పి తగలాల్సిన చోట తగల్లేదు.

నిషేధం కూడా ఫ్యాక్టరీ పేరుతో ఉంటే కదలిక వస్తుంది. అమెరికా 1930 సుంకాల చట్టం 307వ సెక్షన్ వెట్టిచాకిరీతో చేసిన సరుకును ఆపుతుంది. మలేషియా రబ్బరు గ్లవ్స్ సంస్థ టాప్ గ్లోవ్ అనుబంధ సంస్థల సరుకును 2020 జూలైలో ఈ సెక్షన్ కింద ఆపారు. వలస కార్మికులు ఉద్యోగం కోసం ఏజెంట్లకు కట్టిన డబ్బును సంస్థ తిరిగి చెల్లించింది. 2021 సెప్టెంబరులో ఆంక్ష ఎత్తేశారు. ఐరోపా సమాఖ్యలో ఇలాంటి నిషేధం 2027 డిసెంబరు నుంచి వర్తిస్తుంది.

అయితే నిషేధానికి ముందే దిద్దుబాటు దారి సిద్ధంగా ఉండాలి. బాలకార్మికులు చేసిన సరుకును నిషేధించాలని 1990ల మొదట్లో అమెరికాలో హార్కిన్ బిల్లు వచ్చింది. అది చట్టం కూడా కాలేదు. ఆ భయానికే బంగ్లాదేశ్ బట్టల ఫ్యాక్టరీలు వేలమంది పిల్లల్ని ఒక్కసారిగా తీసేశాయి. వాళ్లలో చాలామంది బడికి వెళ్లలేదు, రాళ్లు కొట్టడం లాంటి ఇంకా ప్రమాదకరమైన పనుల్లోకి వెళ్లారు. 1995లో యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఫ్యాక్టరీల సంఘం కలిసి బడి, నెలవారీ భత్యం ఏర్పాటు చేశాకగానీ దానికో దారి దొరకలేదు. ఆ వరస తిరగబడి ఉండాల్సింది. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే పొరపాటు ఇదే, ఇప్పటికీ జరుగుతోంది.

ఇక దిగుమతి సంస్థ చేయాల్సిన పని.

ఆడిట్ సర్టిఫికెట్టును నమ్ముకుని కూర్చోవద్దు. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీ 2012 సెప్టెంబరులో కాలి 250 మందికి పైగా చనిపోయారు. దానికి అంతకు కొద్ది వారాల ముందే ఎస్‌ఏ8000 అనే కార్మిక ప్రమాణాల సర్టిఫికెట్టు వచ్చింది. 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజాలో 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడి కొన్ని ఫ్యాక్టరీలకూ ఆడిట్లు జరిగాయి, కానీ భవనం బలం చూడడం ఆ ఆడిట్ల జాబితాలోనే లేదు. ముందే చెప్పి వచ్చే ఆడిటరు ఒకటి రెండు రోజుల్లో కాగితాలు చూసి వెళ్తాడు. జీతాల పుస్తకాలు రెండు సెట్లు ఉంటే ఆయన చేతికి వచ్చేది శుభ్రమైన సెట్టు.

దానికంటే ముందు మీ టేబుల్ దగ్గరే చేయగల లెక్క ఒకటుంది. చొక్కాకు ప్రామాణిక కుట్టు సమయం 20 నిమిషాలు అనుకోండి. ఫ్యాక్టరీలో 60 మిషన్లు, రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు, సామర్థ్యం 50 శాతం, అంటే పని సమయంలో సగమే కుట్టుగా మారుతుంది. 60 మిషన్లను 480 నిమిషాలతో, దాన్ని 26తో గుణిస్తే 7,48,800 నిమిషాలు. అందులో సగం 3,74,400. 20తో భాగిస్తే నెలకు 18,720 చొక్కాలు. ఆ ఫ్యాక్టరీ మీ దగ్గర 30,000 చొక్కాలకు ఒప్పుకుందంటే మిగతా 11,280 ఎక్కడో తయారవుతున్నాయి. రాత్రిళ్లు లెక్కకెక్కని ఓవర్‌టైమ్‌లో, లేదా మీరు పేరు కూడా వినని షెడ్డులో. సామర్థ్యం 80 శాతమని వాళ్లు వాదిస్తే లైను వారీగా రోజువారీ ఉత్పత్తి పట్టీ అడగండి. 80 శాతమైనా 29,952 దగ్గర ఆగుతుంది. పైగా ఆ మిషన్లన్నీ మీ ఒక్కరి ఆర్డరు మీదే ఉన్నాయనుకుంటేనే ఈ లెక్క.

తర్వాత ఇదే లెక్కను ధరకు తిప్పండి. 20 నిమిషాల పని, 50 శాతం సామర్థ్యం అంటే జీతం కట్టే సమయం 40 నిమిషాలు. అక్కడి చట్టబద్ధ జీతం, ఫండ్, సెలవు జీతం, బోనస్ కలిపి నిమిషానికి ఎంతో లెక్కగట్టి 40తో గుణించండి. వచ్చిన మొత్తం కంటే కొటేషన్‌లోని కూలి తక్కువుంటే ఆ ధరకు చట్టబద్ధంగా కుట్టడం సాధ్యం కాదు. ఆ కొటేషన్ మీద సంతకం పెట్టడమంటే ఉల్లంఘనను కొనుక్కోవడమే. బేరం ఆడేటప్పుడు కూలి అంకెను విడిగా రాసి, దాని మీద బేరం లేదని ఆర్డరులోనే రాయండి. బేరం గుడ్డ మీద, వేస్టేజీ మీద, ప్యాకింగ్ మీద ఆడుకోవచ్చు.

ఓవర్‌టైమ్‌కు సగం కారణం కొనేవాడి అలవాట్లే. శాంపిల్ ఆమోదం రెండు వారాలు ఆలస్యం చేసి డెలివరీ తేదీ మాత్రం కదపకపోతే ఆ రెండు వారాలు ఎవరి నిద్రలోంచి వస్తాయి? మీవైపు ఆలస్యమైతే తేదీ అన్ని రోజులు జరుగుతుందని, విమాన సరుకు ఖర్చు మీదేనని రాసుకోండి. షిప్పింగ్ అయిన 90 రోజులకు డబ్బిచ్చే పద్ధతిలో ఫ్యాక్టరీ అప్పు చేసి జీతాలిస్తుంది, లేదా జీతాలు ఆపుతుంది. 2020లో కోవిడ్ మొదలైనప్పుడు తయారైపోయిన సరుకు ఆర్డర్లు కూడా చాలా బ్రాండ్లు రద్దు చేశాయి. గుడ్డ కత్తిరింపు మొదలయ్యాక రద్దుకు వీల్లేదనే షరతు లేకపోవడమే దానికి దారి ఇచ్చింది.

భద్రత విషయంలో నమూనా కావాలంటే బంగ్లాదేశ్‌లో 2013 మేలో కుదిరిన ఫ్యాక్టరీ భద్రతా ఒప్పందం అకార్డ్‌ను చూడండి. 200కు పైగా బ్రాండ్లు సంఘాలతో చట్టబద్ధంగా కట్టుబడ్డాయి. తనిఖీ చేసినవాళ్లు స్వతంత్ర ఇంజనీర్లు, నివేదికలు బహిరంగం, ప్రమాదం కనిపిస్తే పని మానే హక్కు కార్మికుడిది. మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూసే బాధ్యత బ్రాండ్లది. బ్రాండు మాట తప్పితే ఆర్బిట్రేషన్‌కు ఈడ్చే వీలుంది. సొంత ఆడిట్లతో దీని తేడా ఆ చివరి వాక్యంలో ఉంది.

వలస కార్మికులున్న చోట మొదట అడగాల్సింది జీతం కాదు, ఉద్యోగం కోసం ఏజెంటుకు ఎంత కట్టారని. ఆ అప్పే మనిషిని కట్టేసే తాడు. కార్మికుల నుంచి ఆ రుసుము వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందం చెబుతోంది. ఈ ప్రశ్న ఫ్యాక్టరీ గదిలో అడిగితే జవాబు రాదు. హాస్టలు బయట, వాళ్ల భాషలో, సూపర్‌వైజరు లేకుండా అడగాలి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో, బీరువా తాళం ఎవరి చేతిలో ఉందో కూడా.

తప్పు బయటపడ్డ వెంటనే ఆర్డరు రద్దయ్యే క్లాజు పెట్టుకోవద్దు. అలా పెడితే తర్వాతి తప్పు మీకు ఎప్పటికీ కనిపించదు, దాచిపెడతారు. దానికి బదులు మరమ్మతు పట్టిక రాయండి. తాళం వేసిన ద్వారం లాంటివి 24 గంటల్లో, బకాయి ఓవర్‌టైమ్ తర్వాతి జీతంతో, ఏజెంటు రుసుము నెలవారీ వాయిదాల్లో ఒక గడువు లోపల తిరిగి చెల్లింపు. అందులో మీ వంతు ఎంతో ఆ పట్టికలోనే ఉండాలి. చెల్లించిన ప్రతి వాయిదా కార్మికుడి పేస్లిప్పులో విడి వరుసగా కనిపించాలి, ఉద్యోగం మానేసి సొంతూరు వెళ్లిపోయిన వాళ్ల బ్యాంకు ఖాతాలకూ చేరాలి.